కంట్రాక్టరు వంపు

కెనడాలోని డన్‌బీ ఊళ్లో దిగేనాటికి జనార్ధనరావు చేతిలో ఉన్నవి ఇవీ: ఓక్‌విల్ పచారీ కొట్టులో వాటా వదులుకోగా మిగిలిన సొమ్ము, పక్క తలుపు సరిగా పడని ఒక పాత వ్యాను, అక్కడి వృద్ధాశ్రమంలో నర్సు ఉద్యోగం ఖాయమైన భార్య కనకదుర్గ, ఒంగోల్లో ఇరవై ఏళ్లు ఎరువుల కొట్టు నడిపిన అనుభవం. ఇంకొకటి కూడా ఉంది. దాన్ని ఆయన ఆస్తి కిందే జమకట్టుకున్నాడు. ఎదుటివాడు ఏ పని ఎందుకు చేశాడో ఇట్టే చెప్పగలనన్న ధీమా. మనిషి ఎటు వంగాడో చూడు, అటువైపు వాడికి లాభం ఉంటుంది. ఇదే ఆయన సూత్రం. ఓక్‌విల్ భాగస్వామి రామమోహనరావు వంగినప్పుడు మాత్రం కాస్త ఆలస్యంగా చూశాడు. ఆ ఆలస్యం ఖరీదు సగం కొట్టు.

డన్‌బీ హాలిఫాక్స్‌కి గంటంపావు దూరంలో ఉంది. ఊరు చిన్నదే గానీ కాలేజీ ఉంది. ఆ ఏళ్లలో ప్రతి సెమిస్టరుకీ హైదరాబాదు నుంచీ, కరీంనగర్ నుంచీ, గుంటూరు నుంచీ పిల్లలు సూట్‌కేసులు దొర్లించుకుంటూ దిగేవారు. దిగాక గది దొరికేది కాదు. ఒకే పరుపు మీద పగలు ఒకడు, రాత్రి ఒకడు పడుకునేవారు. జనార్ధనరావు కొట్టు తెరిచిన మొదటి నెలలోనే బియ్యం, పచ్చళ్ల కంటే గిరాకీ ఉన్న సరుకేదో కనిపెట్టాడు. ఇల్లు వెతకడం మొదలుపెట్టాడు.

దొరికిన ఇల్లు ఊరి చివర, పాత రైలు దారి వంపు లోపల ఉంది. పట్టాలు ఎప్పుడో పీకేశారు. కట్ట మాత్రం మిగిలింది, జనం దాని మీద సాయంత్రాలు నడుస్తారు. క్వారీ దగ్గర్నుంచి రేవుకు పోయే ఆ దారి, ఊరి బయట ఒక పచ్చటి మైదానం దాకా తిన్నగా వచ్చి, ఉన్నట్టుండి మోచెయ్యి మడిచినట్టు కొండవైపు తిరిగి, మైదానాన్ని చుట్టేసి, అవతల మళ్లీ తిన్నగా సాగుతుంది. ఆ మడతలోని అంత మైదానంలో ఉన్నది ఈ ఒక్క ఇల్లే. తూర్పు ముఖం, ఎనిమిది గదులు. దొడ్డి నైరుతి నుంచి ఈశాన్యానికి చేట వంచినట్టు వాలి ఉంది.

తెనాలి సిద్ధాంతిగారికి వీడియోలో చూపిస్తే ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"నైరుతి మెరక, ఈశాన్యం పల్లం. మనవాళ్లు మట్టి తోలించుకుని మరీ చేయించుకుంటారయ్యా ఇది. మీకు భూమాతే చేసిపెట్టింది. ఇంకా దిగినా పరవాలేదు, ఈశాన్యం ఎంత పల్లమైతే అంత సిరి."

అమ్మేవాడు ధర తగ్గించమనగానే తగ్గించాడు. మాట పూర్తికాకముందే తగ్గించాడు. బేరంలో గింజుకోని మనిషిని చూసి జనార్ధనరావుకు అనుమానం వచ్చింది. పుచ్చిన శనగలు అంటగట్టేవాడు కూడా అలాగే తొందరపడతాడు. కానీ ఈలోగా ఇంకెవరైనా కొనేస్తారేమోనన్న ఆత్రం ఆ అనుమానాన్ని అణిచేసింది. సంతకాలు పెట్టాడు.

పాత స్టేషను భవనాన్ని ఊరివాళ్లు మ్యూజియం చేశారు. రిటైరైన టీచరు మిస్ హార్పర్ శనివారాలు అక్కడ కూర్చుంటుంది. కొట్టు పక్కనే కాబట్టి జనార్ధనరావు ఒకరోజు టీ ఫ్లాస్కు పట్టుకుని వెళ్లాడు. గోడ మీద ఆ బ్రాంచి లైను మొదటి నక్షా ఉంది. అందులో రెండు గీతలు. పెన్సిలు గీత మైదానం మధ్యగా బాణంలా పోయింది. సిరా గీత కొండ చుట్టూ తిరిగింది.

"ముందు తిన్నగానే వేద్దామనుకున్నారు," అంది మిస్ హార్పర్. "విక్టోరియా రాణి కాలం. క్వారీలో తెల్లరాయి తవ్వి ఓడలకెత్తాలి. సర్వే అయిపోయింది, పట్టాల కింద వేసే స్లీపర్లు కూడా దింపారు. ఒక వసంతంలో కంట్రాక్టరు మైదానం మీద నడిచి వచ్చి, ఇక్కడ వెయ్యను, కొండను తొలిచి వేస్తానన్నాడు. రెండేళ్లు తొలిచారు. మందుగుండు పేలి మనుషులు పోయారు. మా ఊళ్లో ఇప్పటికీ దాన్ని కంట్రాక్టరు వంపు అంటాం. ఆయనకు మైలుకింతని ఒప్పందం. మైళ్లు పెంచుకున్నాడని నవ్వుకుంటారు."

"ఎందుకు వేయనన్నాడో రాసిపెట్టలేదా?"

"రాయనిస్తారా? ఆ మైదానాన్ని ప్లాట్లు కోసి అమ్ముకుందామని కంపెనీ పెద్దలే కొనిపెట్టుకున్నారు. తర్వాత ప్లాట్లూ పోలేదు, ఆయనా దివాలా తీశాడు."

జనార్ధనరావు నక్షా ముందు చేతులు కట్టుకుని నిలబడి మెచ్చుకోలుగా తలాడించాడు. ఏ కాలమైనా, ఏ దేశమైనా వ్యాపారి వ్యాపారే. మైలుకింతని మాట్లాడుకున్నవాడు వంకర తిప్పక ఏం చేస్తాడు? ఇంటికెళ్లి కనకదుర్గకు చెప్పి నవ్వాడు.

"మరి అంత తెలివైనవాడు దివాలా ఎందుకు తీశాడండీ?" అంది ఆమె చపాతీ వత్తుతూ.

"ఆశ ఎక్కువై ఉంటుంది."

అంతకుమించి ఆయన ఆలోచించలేదు.

ఇల్లు వారంలో నిండింది. భార్యాభర్తలు మాత్రం కొట్టు మీది గదుల్లోనే ఉన్నారు. పై గదుల్లో ఆడపిల్లలు, కింద మగపిల్లలు. ఈశాన్యపు గది మంచిదని దాన్ని కరీంనగర్ నుంచి వచ్చిన రిషితకిచ్చాడు. ఆ పిల్ల పొద్దున కాలేజీకి, సాయంత్రం కాఫీ దుకాణంలో పనికి పోయేది. అందరికంటే ముందు అద్దె ఇచ్చేదీ, అందరికంటే ఎక్కువ ఎదురు మాట్లాడేదీ ఆమే. కింద ఉండే నర్సింహది నల్లగొండ.

వాననీళ్లన్నీ ఈశాన్యానికే పోవాలని సిద్ధాంతిగారు చెప్పాడు. జనార్ధనరావు, నర్సింహ కలిసి ఇంటి నాలుగువైపులా కప్పు నుంచి దిగే గొట్టాలను మళ్లించి, ఒకదానికొకటి అతికించి, ఈశాన్య మూలకు చేర్చారు. అక్కడ ఒక గుంత తవ్వి చుట్టూ రాళ్లు పేర్చారు.

"అంకుల్, ఇల్లంత నీళ్లు ఈ బొక్కెనంత గుంతల పడ్తయా?" అన్నాడు నర్సింహ.

"పొర్లితే పొర్లనీ, సిరి పొర్లినట్టే."

పొర్లలేదు. ఆకురాలు కాలమంతా వానలు కురిశాయి. చలికాలంలో మంచు పేరుకుని, కరిగి, గొట్టాల్లోంచి రోజుల తరబడి దిగింది. గుంత ఎప్పుడూ సగం దాటలేదు. అడుగున నీళ్లు నల్లగా, కదలకుండా, ఎవరో పట్టుకుని ఆపినట్టు ఉండేవి.

మార్చిలో ఒక ఆదివారం షాలేమ్ రాజు వచ్చాడు. మచిలీపట్నం మనిషి, హాలిఫాక్స్‌లో ఒక ఆస్పత్రిలో బాయిలర్ల పని చూస్తాడు. తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్ భోజనాలకు సరుకులు జనార్ధనరావు కొట్టులోనే కొంటాడు. గుంత దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు.

"ఏంటన్నగారూ, బావి తవ్వించారా?"

"బావి కాదు తమ్ముడూ, ఈశాన్యం."

"మీ వాస్తు మీది, మా ప్రార్థన మాది, తప్పుపట్టను గానీ, ఇంత నీళ్లు దీంట్లో పోస్తున్నారు కదా. పైకి రావట్లేదు, పక్కకి పోవట్లేదు. మరి ఎక్కడికెళ్తున్నాయి?"

"భూమి తాగుతోంది."

"తాగేవాడు ఎప్పుడో ఒకప్పుడు చాలంటాడన్నగారూ. బాయిలర్లో నీళ్లు తగ్గుతూ ఉంటే మేం మొదట అడిగేది అదే."

జనార్ధనరావు నవ్వేసి అతని చేతిలో గోంగూర పచ్చడి సీసా పెట్టాడు. ఆ రోజే కనకదుర్గ పిల్లలకు దోసెలు పోస్తానని ఆ ఇంటి వంటగదిలో నిలబడింది. పెనం మీద నూనె ఒక పక్కకే జారిపోయింది. దోసె ఒకవైపు మందంగా, ఒకవైపు కాగితంలా వచ్చింది. పెనం తిప్పింది. నూనె మళ్లీ అటువైపుకే వచ్చింది.

"ఏవండీ, పొయ్యి వంకరగా ఉంది."

పొయ్యి కింద అట్టముక్క పెట్టాడు. ఏప్రిల్లో అట్టముక్క మీద ఇంకో అట్టముక్క. రిషిత గది తలుపు పడటం మానేస్తే అంచు చిత్రిక పట్టాడు. ఈశాన్యం ఇంకాస్త దిగిందని సిద్ధాంతిగారికి ఫోటో పంపితే, చేతులు జోడించిన బొమ్మలు తిరిగి వచ్చాయి.

ఆ ఫోటోలు ఎలా చేరాయో ఓక్‌విల్ చేరాయి. మే నెలలో రామమోహనరావు స్వయంగా దిగాడు. హాలిఫాక్స్ చుట్టుపక్కల విద్యార్థుల ఇళ్లు కొంటున్నాడట. ఫోన్లో దిక్సూచి పెట్టుకుని దొడ్డంతా తిరిగాడు. గుంత దగ్గర ఆగి చెప్పులు విప్పాడు.

"పాతవన్నీ మర్చిపోండి బావగారూ. ఇల్లూ, పిల్లలూ కలిపి నాకిచ్చేయండి. మీరు చెప్పిందే ధర. కాకపోతే ఇల్లు నిండుగా ఉండాలి, ఖాళీ ఇల్లు నాకొద్దు. నెలాఖరుకి కాగితాలు రాసుకుందాం. ఆ మూల కింద ఇంకో నాలుగు గదులు తవ్విస్తా."

"మీకింత తొందరేంటండీ?"

"మంచిది దొరికినప్పుడు బేరమాడితే పోతుంది."

జనార్ధనరావు ఆ ధరలో ఓక్‌విల్ కొట్టులో పోయిన సగాన్ని కలుపుకునే చెప్పాడు. అతను ఒప్పుకున్నాడు. సాయంత్రం మనసు తేలికపడి, ఆయన మొదటిసారి పాత రైలు కట్ట మీద నడుస్తూ కొండ కోత దాకా వెళ్లాడు. తనలాంటి వాడైన ఆ కంట్రాక్టరు పనితనం చూద్దామనిపించింది.

కోతలోకి అడుగుపెట్టగానే చల్లబడింది. రెండు వైపులా మూడు నిలువుల ఎత్తు నల్లరాయి. రాతి నిండా సుత్తితో కొట్టి దించిన నిలువునా చీల్చిన గొట్టాల్లాంటి గాడులు. ఆయన బావమరిదికి చీమకుర్తిలో గ్రానైటు క్వారీ ఉంది. ఆ రాతిలో ఒక గాడి దించడానికి ఎంత అవుతుందో, మిషన్లు ఉన్న రోజుల్లోనే ఎంత అవుతుందో ఆయనకు తెలుసు. నడుస్తూ అలవాటుగా లెక్క వేశాడు. ఇంత రాయి, ఇంతమంది, రెండేళ్లు, మందుగుండు. అటుపక్క పెరిగిన మైళ్లకు వచ్చేది. లెక్క కలవలేదు. తప్పు వేశాననుకుని వెనక్కి నడిచి మళ్లీ వేశాడు. మైలుకి మూడింతలిచ్చినా కలవదు.

కంట్రాక్టరు ఈ వంపులో లాభం తీయలేదు. ఈ వంపులోనే మునిగాడు. మునుగుతానని మొదటిరోజే తెలిసి ఉండాలి. రాయిని చూసి ఖర్చు తెలియనివాడు కంట్రాక్టరు కాలేడు.

లాభానికి వంగనివాడు దేనికి వంగాడు?

జనార్ధనరావు అక్కణ్నుంచి కింద మైదానం వైపు చూశాడు. పచ్చగా ఉంది, నున్నగా ఉంది. అక్కడక్కడ గుండ్రటి పల్లాలు, పిండిముద్దలో బొటనవేలు నొక్కినట్టు. మధ్యలో ఆయన ఇల్లు. ఈశాన్యపు కిటికీలో దీపం వెలిగింది. కట్ట దిగి, మైదానం అంచున పారే వాగు ఒడ్డుకు వెళ్లాడు. వాగు కోసిన గట్టులో తెల్లటి చార కనిపించింది. గోరుతో గీకితే పిండిలా రాలింది. నాలిక మీద పెట్టుకోగానే గుర్తుపట్టాడు. క్వారీలో తవ్విన తెల్లరాయి ఏమిటో ఆయన ఏనాడూ అడగలేదు. అడిగి ఉంటే అది జిప్సమని చెప్పేవారు. వేరుశనగ రైతులకు లారీలకొద్దీ అమ్మిన సరుకు. "నీళ్లు తగలనీ, తనంతట తనే కరిగి లోపలికి దిగిపోతుంది" అని ప్రతి రైతుకూ తను చెప్పి అమ్మిన సరుకు.

నెలల తరబడి ఆయన తన ఇంటి నీళ్లన్నీ పోగుచేసి దాని మీద పోస్తున్నాడు.

ఇంటికి వచ్చాక కనకదుర్గకు చెప్పాడు. చెప్పి, "నెలాఖరుకి కాగితాలు అయిపోతాయి. తర్వాత అతని ఇల్లు. నన్ను ముంచినవాడికి మునిగే ఇల్లు. లెక్క సరిపోతుంది," అన్నాడు.

"ఆ లెక్కలో పిల్లల్ని ఏ పక్కన వేశారు?"

ఆయన కలిపిన అన్నం వదిలేసి లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు కొట్టు మూసి గుంత దగ్గరికి వెళ్లాడు. నీళ్లన్నీ ఇంకిపోయి అడుగున బురదే ఉంది. బట్టలారేసే పొడుగాటి కర్ర తీసుకుని అడుగున నొక్కాడు. బురద తగిలింది, తర్వాత ఏమీ తగల్లేదు. కర్ర మొత్తం దిగింది. భుజం దాకా చెయ్యి పెట్టి నొక్కినా కొనకు నేల తగల్లేదు. వేళ్లు వదిలాడు. కర్ర చప్పుడు లేకుండా వెళ్లిపోయింది. చాలాసేపటికి కింద ఎక్కడో నీళ్లలో పడిన శబ్దం వచ్చింది. ఆ రంధ్రంలోంచి చల్లటి గాలి ఆయన మొహానికి తగిలింది. పైన కిటికీలోంచి రిషిత ఫోన్లో వాళ్లమ్మతో కూర ఏం వండాలో అడుగుతున్న మాటలు వినిపిస్తున్నాయి.

ఆయన ముందు గొట్టాలన్నీ కోసి వీధి వైపు తిప్పాడు. తర్వాత పిల్లలందరినీ వంటగదిలో కూర్చోబెట్టి, రేపే ఖాళీ చేయాలన్నాడు.

ముందుగా రిషితే లేచింది. "ఎక్కువ ఇచ్చేటోళ్లు దొరికిండ్రా అంకుల్?"

"అది కాదమ్మా. కింద నేల బోలుగా ఉంది."

"నిన్నటిదాంక సిరి అన్నరు కదా," అన్నాడు నర్సింహ. "గా పెద్దమనిషి కార్ల వచ్చి చూసిపోయిండు. మాకు సమజ్ కాదా?"

"రైలు కంట్రాక్టరు కూడా ఇక్కడ వెయ్యలేదు. కొండ తొలిచాడు గానీ ఇటు రాలేదు."

"ఎప్పుడో తాతల్నాడు రైలోళ్లు వంకర తిప్పిండ్రని ఇప్పుడు మమ్మల్ని ఎల్లగొడ్తరా? పరీక్షలున్నయి. ఊళ్లె గదులు లెవ్వు. మేమేడికి పోవాలె?" అన్నాడు నర్సింహ.

"మా కొట్టు మీద కొందరు. షాలేమ్ రాజుగారు ఫెలోషిప్ హాలు అడిగి ఇప్పిస్తానన్నారు."

"మేం పోం," అంది రిషిత. "కంప్లైంట్ ఇస్తాం."

"ఇవ్వండి. ఇచ్చి వెళ్లండి."

వాళ్లు కదల్లేదు. ఊరి ఆఫీసులో చెబితే, ఇంజనీరు రిపోర్టు పెట్టుకుంటే వచ్చి చూస్తామన్నారు. రామమోహనరావుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెబితే అతను, "ఇంకెవరో ఎక్కువకి వచ్చారని చెప్పొచ్చుగా బావగారూ, ఇన్ని కథలెందుకు?" అన్నాడు. ఆ కంట్రాక్టరు కూడా ఇలాంటి మాటలే విని ఉంటాడనుకున్నాడు జనార్ధనరావు.

మూడోరోజు పొద్దున పిల్లలు కాలేజీకి వెళ్లగానే స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చి వీధి తలుపు, దొడ్డి తలుపు ఊడదీసి వ్యానులో వేసుకున్నాడు. అద్దెవాళ్లను లేపడానికి ఓక్‌విల్లో రామమోహనరావు చేసే పని అది. చూసి అసహ్యించుకున్నాడు ఒకప్పుడు. షాలేమ్ రాజు సెలవు పెట్టి వచ్చి, మాట్లాడకుండా సామాన్లు మోశాడు. చివరి సంచి మోస్తూ అన్నాడు:

"నేల విడిచి సాము చేస్తున్నామేమో అన్నగారూ. ఏమీ కాకపోతే ఊళ్లో తలెత్తుకోలేరు."

"ఏమీ కాకపోతే తలవంచుకునే తిరుగుతాను."

సాయంత్రం పిల్లలు వచ్చి తలుపులేని ఇంటిని చూశారు. రిషిత ఏడవలేదు. వాళ్లమ్మకు ఫోన్ చేసి, ఆయన వినేలాగే, "మనోడే కదా అని నమ్మినం," అంది.

జూన్లో మూడు రోజులు ఎడతెరిపి లేని వాన కురిసింది. నాలుగోనాడు ఎండ కాసింది. జనార్ధనరావు కట్ట మీద నిలబడి చూస్తున్నాడు. అలా చూడటం ఆయనకు రోజువారీ పనయింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. ఈశాన్యపు మూల, కుర్చీలో కూర్చోబోతున్న ముసలివాడిలా మెల్లగా దిగింది. పై గది కిటికీ ఆకాశం వైపు తిరిగింది, కప్పు మడతపడింది, గోడలు లోపలికి ఒరిగాయి. దుమ్ము సర్దుకున్నాక చూస్తే నున్నగా గీసినట్టున్న గుండ్రటి గొయ్యి, దాని అంచు తెల్లగా. లోపల నీళ్లు. దొడ్డి నైరుతి సగం, బట్టల తీగ మాత్రమే మిగిలాయి.

విషయం విని సిద్ధాంతిగారు విచారంగా, "ఈశాన్యం నీళ్లు వీధిలోకి మళ్లించారట కదా? మరి నన్నడగాలి కదా," అన్నాడు. ఓక్‌విల్లోనూ అదే మాట నిలబడింది. నేల కుంగడం మా పాలసీలో లేదని బీమావాళ్లు రాశారు. రిషిత ఒకరోజు గొయ్యి చుట్టూ కట్టిన తాడు దగ్గరికి వచ్చి చాలాసేపు నిలబడి వెళ్లింది. మర్నాడు కొట్టుకు వచ్చి పాలు కొనుక్కుంది.

ఆగస్టులో మైదానం అవతలి చివర ఎవరో కొయ్యలు పాతి తాళ్లు కట్టారు. విద్యార్థులకు నాలుగంతస్తుల భవనమట. జనార్ధనరావు వెళ్లి అక్కడ పని చేయిస్తున్న పెద్దమనిషికి కొండ కోత, దాని ఖర్చు, తెల్లటి మట్టి, అన్నీ చెప్పాడు. అతను ఓపికగా విని చిరునవ్వు నవ్వాడు.

"మీది కూడా అద్దె గదుల వ్యాపారమే కదండీ?"

ఇంటికి వచ్చి ఆ మాట చెప్పాడు. కనకదుర్గ అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది. "మొత్తానికి మనకేం మిగిలిందండీ?" అంది.

ఆయన అలవాటు చొప్పున వేళ్లు మడిచాడు. ఇల్లు పోయింది. కొన్న సొమ్ము పోయింది, బీమా రాలేదు, ఓక్‌విల్ సగం రాబట్టుకునే దారి పోయింది. ఊళ్లో మాట పోయింది, అది మళ్లీ వచ్చేలా లేదు. చెయ్యి మొత్తం మూసుకుపోయింది. రెండో చెయ్యి ఎత్తి ఒక వేలు మడిచాడు, ఇంకోటి మడవబోయి ఆగాడు.

"కూలినప్పుడు లోపల ఎవరూ లేరు," అన్నాడు. "లాభం అదొక్కటే."